క భాషయు, ఒక పోస్టుకార్డును



మొన్నటి బతుకమ్మ పండుగ దినములలో మా హనుమకొండ యింటి యరుగుమీద జరిగిన చిన్న ముచ్చటతో ఈ నెల ప్రసంగము నారంభించెదను. నా మనుమరాండ్రిద్దఱు తంగేడుపూలు కట్టలు కట్టుచు కూర్చుండిరి. లోపల వారి తల్లి సత్తుపిండి ముద్దలు చేయుచుండెను. అంతలో పెద్దది అందఱును వినుచుండగనే "కస కత్తు కదా కచు" అనెను. చిన్నది తల యూపి లోనికి పరుగెత్తెను. తల్లికి ఒక్క ముక్కయు బోధపడలేదు. "నా యింటిలో నాకు తెలియని భాష యేమిటి? పిల్లలిట్లు మాటలు దాచుకొనుట మంచిది కాదు. మీరైన మందలింపుడత్తమ్మా!" అని నాతో జెప్పెను.

నేను మందలింపలేదు. "సత్తు దాచు" అని పెద్దది చిన్నదానితో నన్నది, అంతే. ఆ మాట విని నవ్వుకొంటిని గాని, నవ్వుతోపాటు మఱియొకటి కూడ జ్ఞప్తికి వచ్చినది. అది యాబదియేండ్ల నాటి యొక పోస్టుకార్డు. దానిని గూర్చి యింతవఱకు నెవ్వరికిని జెప్పినదానను గాను. ముందు ఈ భాష సంగతి వివరించి, పిమ్మట కార్డు సంగతి చెప్పెదను.

క భాష వ్యాకరణము మిక్కిలి చిన్నది. మాటలోని ప్రతి యక్షరమునకు ముందు ఒక "క" చేర్చవలెను. "నీవు రమ్ము" అనునది "కనీ కవు కర కమ్ము" అగును. "క"కు బదులు "చ" చేర్చిన అది చ భాష. మన తెలుగున హల్లును అచ్చును కలిసి యొక యక్షరమై నిలుచును. వ్రాయుటయు పలుకుటయు ఆ యక్షరముల లెక్కనే నడచును. కావున గుణింతము వచ్చిన పిల్ల యెవతెయైనను ఒక పూటలో ఈ విద్య నేర్చుకొనగలదు. ఇట్టి యాటలు ఇతర దేశములందును గలవు. ఇంగ్లీషు పిల్లలు పిగ్ లాటిన్ అను ఆటలో మాట మొదటి హల్లును తీసి తుదకు చేర్చి, దానికొక ధ్వని తగిలింతురు. ఫ్రెంచి యువజనులు వెర్లాన్ అను పలుకుబడిలో మాట ముక్కలను ముందువెనుకలు చేయుదురు. ఏ భాష కీలు ఎక్కడ నున్నదో అక్కడనే పిల్లలు దానిని విఱిచి క్రొత్తభాష చేసికొందురు. మన భాష కీలు అక్షరమున నున్నది.

మా చిన్నతనమున నేనును మా యక్కయు ఈ భాషనే పలుకుచుంటిమి. మా అవ్వకు చదువు రాదు. ఆమె మూడు దినములు ఊరక విని, నాలవనాడు అన్నము వడ్డించుచు, "కనె కయ్యి కవే కయ కనా?" అని యడిగెను. మేము నోరు తెఱచి చూచితిమి. "ఆ కాకికూతలు తీసివేసినయెడల మిగిలినది మన మాటయే గద బిడ్డా! నెయ్యి వేయనా, వద్దా?" అని అవ్వ నవ్వెను.

అవ్వ చేసినది సామాన్యమైన పని కాదు. గుప్తభాషలను ఛేదించువారందఱు మొదట చేయునది యదియే. మాటిమాటికి వచ్చునది యేదియని చూతురు. తొమ్మిదవ శతాబ్దమున బాగ్దాదునగరమందలి అల్ కిందీ అను పండితుడు, రహస్యలేఖలో ఏ గుఱుతు ఎన్ని మాఱులు వచ్చినదో లెక్కించి, ఆ భాషలో సాధారణముగ ఎక్కువగా వచ్చు నక్షరములతో సరిపోల్చినచో రహస్యము బయటపడునని వ్రాసెను. తెలుగు మాటల తుదను "ము, లు, ను, కు" లెన్ని మాఱులు వచ్చునో యెంచి చూడుడు. అక్షరమునకు బదులుగ వేఱొక యక్షరము పెట్టి యెంత దాచినను ఆ తోక లూరకుండవు. ఓపిక గలవారు వానిని పట్టుకొని లాగుదురు.

క భాష అవ్వచేతిలో ఓడిపోవుటచే మేము గట్టి భాష కొఱకు వెదకితిమి. మా బాపు సంస్కృతము చదివినవాడు. హనుమకొండలో 1904వ సంవత్సరమున స్థాపింపబడిన రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమునకు తఱచుగ పోవువాడు. మా గొడవ విని, "ఇది మీరు కనిపెట్టినది కాదు. స్త్రీలు నేర్వదగినవని వాత్స్యాయనుడు చెప్పిన అఱువదినాలుగు కళలలో మ్లేచ్ఛితవికల్ప మొకటి గలదు. తెలిసిన మాటనే తెలియని దానివలె జేసి పలుకుటయు వ్రాయుటయు దాని పని. అక్షరముష్టికాకథన మను మఱియొక కళయు గలదు, అదియు మాటను గుప్పిట బెట్టునదియే" అని చెప్పెను.

జయమంగళ యను వ్యాఖ్యలో మూలదేవీయ మను పద్ధతి యొకటి చెప్పబడినది. అందు "అ"కు "క"యు, "క"కు "అ"యు మాఱును. చవర్గమును టవర్గమును ఒకదాని చోటి కొకటి పోవును. తవర్గమును పవర్గమును అట్లే. "న, మ" లొండొంటికి స్థానము లిచ్చుకొనును. బాపు ఈ విధము చెప్పినతోడనే అక్క పలకమీద "అమ్మ" అని వ్రాసి మార్చి చూచెను. అది "కన్న" అయ్యెను! అమ్మను దాచబోయిన కన్నతల్లియే యగుపడెనని యింటిల్లిపాది నవ్వితిమి. "నాన్న" అను మాట "మామ్మ" యయ్యెను. "తమ్ముడు" మాత్రము "పన్నుజు" అయి యెవ్వరికిని తెలియనివాడయ్యెను. కుతూహలము గలవారు తమ పిల్లలచేత ఈ యాట యాడింపవచ్చును. వర్ణమాల వరుస, వర్గములు, అనునాసికములు దీనివలన గట్టిగ మనసున నాటును.

సంఖ్యలను దాచుటకు కటపయాది పద్ధతి గలదు. "క, ట, ప, య" లు నాలుగును ఒకటి. అక్కడనుండి వరుసగ లెక్క సాగును. సంగీతము నేర్చుకొను పిల్లలు మొట్టమొదట సరళీస్వరములు పాడు మాయామాళవగౌళ పేరు చూడుడు. "మా" యన నైదు, "యా" యన నొకటి. వానిని త్రిప్పి చదివిన పదునైదు. డెబ్బదిరెండు మేళకర్తలలో ఆ రాగ స్థానమదియే. ధీరశంకరాభరణమున "ధీ" తొమ్మిది, "ర" రెండు, త్రిప్పిన నిరువదితొమ్మిది. ఇది దాచుటకు గాక జ్ఞప్తియందుంచుకొనుటకై పెట్టిన గుఱుతు. కావున గుప్తభాష లన్నియు రహస్యముకొఱకే పుట్టినవని తలంపరాదు.

ఇక చేతిభాష. మన యోరుగల్లున చేతులు మాటలాడుట క్రొత్త కాదు. కాకతీయ గణపతిదేవుని గజసేనాధిపతియైన జాయప సేనాని 1253-54 ప్రాంతమున రచించిన నృత్తరత్నావళిలో నర్తకి హస్తము లెట్లు నిలుపవలెనో విస్తరించి చెప్పెను. పశువుల సంతలో బేరగాండ్రు తువ్వాల క్రింద వ్రేళ్ళు పట్టుకొని, ప్రక్కవాని చెవిని బడకుండ ధర తేల్చుకొందురు. చేతులతో మాటలాడుటకు కరపల్లవి యనియు, కన్నులతో మాటలాడుటకు నేత్రపల్లవి యనియు మన పెద్దలు పేళ్ళు పెట్టిరి. మేమును ఒక కరపల్లవి చేసికొంటిమి. హల్లులలో "క" మొదలు "మ" వఱకు ఐదు వర్గములు, వర్గమున కైదక్షరములు గదా. ఎడమచేతి వ్రేళ్ళు ఎన్నవ వర్గమో చెప్పును. కుడిచేతి వ్రేళ్ళు అందులో ఎన్నవ యక్షరమో చెప్పును. రెండు చేతులును పూర్తిగ చాచిన "మ". మాఘమాసపు పెండ్లిండ్లలో పెద్దలనడుమ బంతిలో ఎదురెదురుగ కూర్చుండి, లడ్డు లెన్ని మిగిలినవో ఈ భాషలో మేము మాటలాడుకొన్నాము.

ఆ మాఘమాసపు పెండ్లిండ్లలో నొకటి మా యక్క పెండ్లి యయ్యెను.

అత్తవారిది దూరపు పల్లె. వారు చెడ్డవారు కారు. ఆ మాట ముందుగ చెప్పవలెను. అయితే ఆ యింట ఉత్తరము వచ్చినను పోయినను పెద్దల చేతినుండియే పోవలెను. అది వారి మర్యాద. అప్పగింతల ముందటి రాత్రి అక్క నన్ను పెరటిలోనికి బిలిచి, "నాకేమైన కష్టము వచ్చిన కార్డు వ్రాసెదను. పైకి మంచి మాటలే యుండును. ఒక్కొక్క వాక్యపు మొదటి యక్షరము తీసి కలుపుకొని చదువుము. మఱవవు గద?" అని యడిగెను. మన కవులు చంపకమాలలో కందపద్యమును దాచి గర్భకవిత్వము చెప్పుట గలదు గదా. అక్కయు కార్డులో కార్డును దాచదలచినది. నేను మఱవనని ఒట్టు పెట్టుకొంటిని. మొదట వచ్చిన నాలుగైదు కార్డుల నట్లే చూచితిని. ఏమియు లేదు. పిమ్మట చూచుట మానితిని.

రెండవయేట, నాకు పదవతరగతి పరీక్షలు జరుగు దినములలో, ఒక కార్డు వచ్చెను. అమ్మ చదువు మనగా గబగబ చదివితిని. అందులో నున్న దింతియే:

"బాగుగ నున్నాము. పుట్టింటివారందఱు క్షేమమని తలంతును. నువ్వులు ఈ యేడు చక్కగ పండినవి. పండుగనాడు మీరందఱు జ్ఞప్తికి వచ్చితిరి. పుస్తకములు చదువుట మానకుము."

అమ్మ చేతిలోని చేట క్రింద పెట్టి, "నువ్వులా? వాళ్ళకు నువ్వుల చేనెక్కడిది? వాళ్ళది వరిపొలము గదా!" అనెను. నేను విసుగుతో, "క్రొత్తగ వేసియుందురు లేవే" అంటిని. కార్డును గోడకున్న ఉత్తరముల తీగకు గ్రుచ్చి నా పుస్తకమునకు పోయితిని.

పందొమ్మిది దినములు గడచినవి. పరీక్షలు ముగిసిన పిమ్మట ఒక స్నేహితురాలికి మా విద్య గొప్పగ చూపుటకై తీగనుండి ఆ కార్డునే తీసితిని. "ఇదిగో, ఇట్లు మొదటి యక్షరములు చదువవలెను" అని వ్రేలు పెట్టితిని. బా, పు, ను, పం, పు.

బాపును పంపు.

ఆ సాయంకాలమే బాపు బయలుదేఱి పోయెను. అక్కకు ఐదవ నెలలో గర్భము పోయి, అది మొదలు జ్వరము వదలక యుండెను. ఇంటి మందులతో తగ్గునని వారు చూచుచుండిరి. పుట్టింటికి తెలుపవలసిన సంగతి యని వారికి దోచలేదు. బాపు ఆమెను వరంగల్లునకు తీసికొనివచ్చి ఆసుపత్రిలో చేర్చెను. నెల దినములు మంచముమీదనే యుండెను. బ్రదికినది. మంచముమీద నుండి నన్నడిగిన దొక్కటే ప్రశ్న: "కార్డు ఎన్నడు చేరినది?"

"ఆలస్యముగ చేరినదక్కా" అంటిని.

అది యబద్ధము. కొన్ని దినములకు ఆమె లేచి తిరుగుచు, ఉత్తరముల తీగనుండి ఆ కార్డు తీసి చూచెను. చేరిన దినపు ముద్ర స్పష్టముగ నున్నది. నేను వాకిట నిలుచుండి చూచుచుంటిని. ఆమె కార్డును మరల తీగకు గ్రుచ్చి, నా ప్రక్కగా పోవుచు మెల్లగ "కపో కనీ" అనెను.

"పోనీ" అన్న యా మాటకు నేటివఱకు నాకు తగిన ప్రత్యుత్తరము దొరకలేదు. ఈ సంగతి వ్రాయుదునా యని అక్క నడిగి, ఆమె సరేననిన పిమ్మటనే వ్రాయుచున్నాను.

చీనాదేశమున హునాన్ రాష్ట్రములో జియాంగ్‌యోంగ్ అను ప్రాంతమున స్త్రీలు తమలో తాము వ్రాసికొనుటకు నుషు అను ప్రత్యేకలిపిని వాడిరి. "స్త్రీల వ్రాత" యని దాని యర్థము. అదియు మన లిపివలె పలుకునకొక గుఱుతుగా నడచునది. పిల్ల అత్తవారింటికి పోయిన మూడవనాడు చెలికత్తెలు ఆ లిపిలో వ్రాసిన చిన్నపుస్తకము నామె కందజేసెడివారు. విసనకఱ్ఱలమీదను, గుడ్డలమీదను ఆ యక్షరములనే వ్రాసి కుట్టెడివారు. ఆ లిపి చిన్ననాటినుండి సహజముగ నేర్చినవారిలో కడపటిదిగా పేర్కొనబడిన యాంగ్ హువాన్‌యీ యను వృద్ధురాలు 2004వ సంవత్సరమున మరణించెను. ఆ లిపిని పురుషులనుండి దాచిరని సామాన్యముగ చెప్పుదురు గాని, అది వారి కన్నులయెదుటనే యుండినది. స్త్రీల వ్రాత యని వారు దానిని చదువ బూనలేదు.

మా కార్డు సంగతియు నట్టిదే. అక్క గూఢభాష మామగారి కంటిని దాటినది. అది దాని విజయము. నా కంటిని గూడ దాటినది; అది నా యపరాధము. గుప్తభాషకు ప్రాణము మఱుగు కాదు, ఆవలిప్రక్క వినువారు. చదువు వచ్చిన నేను అక్షరములు చదివితిని. చదువు రాని మా అమ్మ కూతురిని విన్నది. "నువ్వుల చేనెక్కడిది?" అన్న మాటను నేను త్రోసివేయకున్నచో పందొమ్మిది దినములు మిగిలియుండెడివి.

మఱియొక మాట. పిల్లలు సత్తుముద్ద దాచుకొనుటకు భాష కల్పించుట ముద్దు. పెండ్లియైన పిల్ల "నాకు జ్వరముగ నున్నది" అని చెప్పుటకు గూఢభాష కావలసివచ్చుట ఆ యింటికి లోపము. కోడలు, కూతురు పైకి చెప్పదగని సంగతులు మన యిండ్లలో ఎన్ని యున్నవో మనము చూచుకొనవలెను. అవి తగ్గినకొలది రహస్యలిపుల యక్కఱ తగ్గును.

అయినను ఇప్పటి కాలమున ప్రతి కుటుంబమునకు ఒక గుప్తపద ముండుట మంచిది. నేడు యంత్రములు మనుష్యుని కంఠమును అచ్చముగ ననుకరించుచున్నవి. కుమారుని గొంతుతో టెలిఫోనులో "ఆపదలో నున్నాను, డబ్బు పంపు" మని పలికి మోసగించువారు గలరు. అట్టి వేళ "మన యింటి మాట చెప్పు" మని యడుగవలెను. ఆ మాట పేరు గాని, పుట్టినదినము గాని కారాదు. టెలిఫోనులో వ్రాసి పెట్టరాదు. పండుగపండుగకు ఒకమాఱు అందఱు కలిసి జ్ఞప్తి చేసికొనవలెను. బడినుండి పిల్లను తీసికొనిపోవ వచ్చితినను క్రొత్తవారిని ఆ మాట యడుగవలెనని పిల్లకు నేర్పవలెను.

చేతిగుఱుతు ఒకటియు నేర్పుడు. 2020వ సంవత్సరమున కెనడాదేశపు మహిళాసంస్థ యొకటి దీనిని ప్రచారము చేసెను. అఱచేతిని ఎదుటివారికి చూపి, బొటనవ్రేలిని అఱచేతిలోనికి మడిచి, తక్కిన నాలుగు వ్రేళ్ళను దానిపై మూయవలెను. "నాకు సాయము కావలెను" అని దాని భావము. ఆ గుఱుతు చూచినవారు అక్కడనే కేకలు వేయక, మెల్లగ విచారించి, ఆమె కోరినట్లు సాయము చేయవలెను. మాట యాడ వీలున్నవారికి 181 స్త్రీలకును, 1098 పిల్లలకును, 112 ఏ యాపదకైనను పిలువదగిన సంఖ్యలు. ఇవి మాత్రము దాచవలసినవి కావు. గోడమీద పెద్ద యక్షరములతో వ్రాయవలసినవి.

మా కోడలికి నేను చెప్పిన దింతియే: "పిల్లల భాషను బలవంతముగ విప్పించకుము. అది వారి చిన్న పెట్టె. మూత వారినే తీయనిమ్ము. కాని వారు మామూలు తెలుగులో మాటలాడునప్పుడు వరిపొలమువారి యింట నువ్వులు పండినవేమో, ఆ యొక్కటి మాత్రము చెవినబెట్టుము."

సాయంకాలము చెఱువుగట్టున బతుకమ్మ ఆడి వచ్చిన పిదప, కోడలు పిల్లలకు ముద్దలు పంచుచు ముఖము గంభీరముగ పెట్టుకొని "కఇం కకొ కక్క కటి?" అని యడిగెను. అచ్చుతో మొదలగు మాటయందు నాలుక కొంచెము తడబడినది గాని, తప్పు పోలేదు. పిల్లలిద్దఱు మా అవ్వ యెదుట మేము నిలుచున్నట్లే నోళ్ళు తెఱచి నిలుచుండిరి. పిమ్మట చిన్నది దాచిన ముద్దను తెచ్చి తల్లి చేతిలో పెట్టెను.